ఉద్యోగం వచ్చాకే సాయమా?

జీకే పుస్తకంలో ఈ బిట్టు మీరు చదివే ఉంటారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు ఎవరు? జవాబు: దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజ్యాంగ సభలో ఉన్న తెలుగు మహిళ ఎవరన్నా, ఆంధ్ర మహిళా సభను ఎవరు స్థాపించారన్నా అదే పేరు టిక్ పెట్టేసి పేజీ తిప్పేస్తాం. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన బాలిక ఆమేనన్న సంగతి కూడా చాలామందికి తెలుసు. వీటితో ఒకటో రెండో మార్కులు వస్తాయి. కానీ ఆమె జీవితంలో మీకు అంతకంటే ఎక్కువ పనికొచ్చేది వేరే ఉంది. కష్టంలో ఉన్నవాళ్లకు నిజంగా ఉపయోగపడటం ఎలాగన్నది ఆమె చేసి చూపించారు. అదీ తన చదువు ఇంకా పూర్తికాని రోజుల్లో!

ఇది మీకెందుకంటారా? జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నా, కోరుట్లలో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా, సిరిసిల్లలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నా, మీ వాడలో కష్టం ఎక్కడుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆర్డర్లు లేక సాంచెలు ఆగిపోయిన ఇల్లు ఒకటి ఉంటుంది. నడుము నొప్పి ఉన్నా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే చిన్నమ్మ ఉంటుంది. అప్పు చేసి గల్ఫ్‌కు పోయి, జీతం రాక, వెనక్కి రాలేక ఉన్న అన్న ఉంటాడు. వాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఏదైనా చేయాలనిపిస్తుంది. వెంటనే జేబు గుర్తొస్తుంది. నాకే దిక్కు లేదు, ముందు ఉద్యోగం రానీ, తర్వాత చూద్దాం అనుకుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో దుర్గాబాయి జీవితం పక్కన పెట్టి చూద్దాం.

పన్నెండేళ్లకే మొదటి పాఠం

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. కాస్త ఊహ తెలిశాక ఆ పెళ్లిలో ఉండలేనని తేల్చేశారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఇంగ్లిష్ మాధ్యమం వద్దంటూ చిన్నతనంలోనే బడి మానేశారు. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు. తాను నేర్చుకున్నది వెంటనే పక్కవాళ్లకు పంచే అలవాటు అక్కడే మొదలైంది.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊరంతా ఆయన్ని చూడాలన్న సంబరంలో ఉంటే, పన్నెండేళ్ల ఈ అమ్మాయి ధ్యాసంతా రాలేనివాళ్ల మీద ఉంది. దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు నలుగురితో కలిసి బహిరంగ సభకు వచ్చే పరిస్థితి లేదు. వాళ్లతో గాంధీజీ విడిగా మాట్లాడాలని ఆమె కోరుకున్నారు. 5,000 రూపాయల విరాళం సేకరిస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆమె ఆ స్త్రీల దగ్గరికే వెళ్లారు. డబ్బు పోగైంది. సభ జరిగింది. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పిందీ ఆమే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వాళ్లను చూసి జాలిపడి ఊరుకోలేదు. వాళ్లకు అడ్డుపడుతున్నది ఏమిటో కనిపెట్టి, దాన్ని తొలగించే పనిలో వాళ్లనే భాగస్వాములను చేశారు. చేయి చాచేవాళ్లుగా ఉండాల్సిన ఆ స్త్రీలు, తమ సభను తామే జరిపించుకున్నవాళ్లయ్యారు. సాయంలో ఈ తేడా చాలా పెద్దది.

జైల్లో కనిపించిన లోటు

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మద్రాసులో ఆ ఉద్యమంలో దుర్గాబాయి ముందు నిలిచారు. 1930, 1933 మధ్య మూడుసార్లు అరెస్టయ్యారు. వెల్లూరు, మదురై జైళ్లలో ఉన్నారు. మదురైలో ఒంటరి గదిలో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైల్లో ఉద్యమంతో సంబంధం లేని ఆడవాళ్లు కూడా ఉండేవారు. కొందరు హత్య కేసుల్లో శిక్ష పడ్డవాళ్లు. దుర్గాబాయి వాళ్లతో మాట్లాడారు, వాళ్ల కథలు ఓపిగ్గా విన్నారు. వింటుంటే ఒక సంగతి అర్థమైంది. తమ మీద పెట్టిన కేసేమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో కూడా ఎందరికో తెలియదు. చదువు లేదు, చెప్పేవాళ్లు లేరు. వాళ్ల కన్నీళ్లు తుడవగలరు, నాలుగు ఓదార్పు మాటలు చెప్పగలరు. కానీ వాళ్లకు కావలసింది చట్టం తెలిసిన మనిషి. అది దుర్గాబాయి దగ్గర లేదు.

మరొకరైతే బాధపడి, బయటికి వచ్చాక మరచిపోయేవారేమో. ఆమె మాత్రం లా చదవాలని నిర్ణయించుకున్నారు. అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. చేతిలో సర్టిఫికెట్ లేని పాతికేళ్ల యువతి లాయర్ కావాలనుకోవడం ఆ రోజుల్లో ఎలా ఉంటుందో ఊహించండి.

ఇది మీ ప్రిపరేషన్‌కు దగ్గరి కథ. ఇంగ్లిష్ దాదాపు మొదటి నుంచీ నేర్చుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసి గట్టెక్కారు. ఇంటర్ పూర్తి చేశారు. డిగ్రీ కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, అమ్మాయిలకు హాస్టల్ లేదని చెప్పారు. ఆమె వెనక్కి తిరిగి రాలేదు. చదువుకోవాలనుండీ హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా అని పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొందరు ముందుకొచ్చారు. అందరూ కలిసి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. తన సీటు సమస్యను పరిష్కరించుకుంటూనే మరికొందరికి దారి తెరిచారు. 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు. అప్పటికి వయసు 33.

పరీక్ష రాస్తూనే పాఠం చెప్పారు

ఇప్పుడు తేదీలు కాస్త జాగ్రత్తగా చూడండి. లా డిగ్రీ 1942. ఆంధ్ర మహిళా సభ 1937. అంటే లాయర్ కావడానికి ఐదేళ్ల ముందే, తాను ఇంకా విద్యార్థినిగా ఉండగానే ఆ సంస్థకు పునాది పడింది.

అప్పుడు ఆమె దగ్గర ఏముంది? డబ్బు లేదు, పదవి లేదు. ఉన్నది ఒక్కటే. బడికి దూరమైన వయసొచ్చిన ఆడపిల్ల బెనారస్ మెట్రిక్ ఎలా పాసవ్వాలో ఆమెకు తెలుసు. ఆ దారిలో తానే నడిచి వచ్చారు కాబట్టి ఎక్కడ కష్టమో, ఏది ముందు చదవాలో తెలుసు. అదే పంచారు. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు అమ్మాయిలకు మద్రాసులో ఆ పరీక్షకు కోచింగ్ ఇచ్చారు. ఇంట్లో మొదలైన ఆ చిన్న పనే క్రమంగా మహిళా సభ అయింది. దానికి వృత్తి శిక్షణ తోడైంది, ఆసుపత్రి వచ్చింది, నర్సుల శిక్షణ వచ్చింది. హైదరాబాద్ విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో ఉన్న ఆసుపత్రి, ఉస్మానియా ప్రాంగణంలోని ఆంధ్ర మహిళా సభ కళాశాల ఆ వరుసలోవే.

ఉద్యోగం వచ్చాక సాయం చేస్తానన్న మాటకు ఈ రెండు తేదీలే జవాబు. మీరు పూర్తిగా స్థిరపడే దాకా ఆగక్కర్లేదు. ఎదుటివాళ్ల కంటే ఒక మెట్టు ముందుంటే చాలు. వెనక్కి తిరిగి చేయి అందించవచ్చు. మొన్ననే మీరు రాసిన పరీక్ష, మీరు నింపిన ఆన్‌లైన్ ఫారం, మీరు తిరిగిన ఆఫీసు, మీకు అర్థమైన జీవో... ఇవన్నీ ఇంకొకరికి తెలియని దారులే.

ఓడిపోయాక ఏం చేశారు?

1946లో ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఆమె ఒక్కరే మహిళ. స్వాతంత్ర్యం తర్వాత తొలి సార్వత్రిక ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు. మెయిన్స్‌లో పోయినవాళ్లకు ఆ నొప్పి తెలుస్తుంది. ఆ ఓటమి తర్వాతే 1952లో ప్రణాళికా సంఘం సభ్యత్వం వచ్చింది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది జనవరిలో నాటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు.

బోర్డులో ఆమె చేసిన పనుల్లో ఒకటి మీకు తప్పక తెలియాలి. పంచవర్ష ప్రణాళికలకు ఊళ్లలో టీచర్లు, నర్సులు, గ్రామ సేవికలు కావాలి. ఆ పనికి కావలసిన కనీస చదువున్న ఆడవాళ్లు దొరకడం లేదు. మరోపక్క భర్త పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, పేదరికం వల్ల చిన్నప్పుడే బడి మానేసినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకు బతుకుదెరువు లేదు. ఒకచోట ఖాళీలు, మరోచోట అర్హత లేని మనుషులు. దుర్గాబాయి ఈ రెంటినీ కలిపారు. వయసొచ్చిన స్త్రీలు కొన్నేళ్ల చదువును సుమారు రెండేళ్లలో పూర్తి చేసి పరీక్ష రాసేలా 1958లో సంక్షిప్త కోర్సుల పథకం మొదలైంది. మద్రాసు ఇంట్లో తాను చెప్పిన కోచింగే ఇప్పుడు దేశం మొత్తానికి పథకమైంది.

ఈ కోర్సు పూర్తి చేసిన మనిషి మళ్లీ సాయం కోసం రానక్కర్లేదు. ఉద్యోగం ఉంటుంది, జీతం ఉంటుంది, నలుగురిలో మాట చెల్లుతుంది. సాయం మంచిదా కాదా తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన కొలత లేదు. రేపు మనం లేకపోయినా ఆ మనిషి నిలబడగలడా? నిలబడగలిగితే అది సాయం. ప్రతి నెలా మన గుమ్మం ముందు నిలబడాల్సి వస్తే, అందులో ఎక్కడో లోపం ఉన్నట్టే. ఆకలితో ఉన్నవాళ్లకు ముందు అన్నమే పెట్టాలి, అందులో సందేహం లేదు. దాంతో పని అయిపోయిందనుకోకూడదు, అంతే.

అందరికీ తెలియని కథ

ఆమె జీవితంలో ఇంకో ఘట్టం ఉంది. ఎనిమిదేళ్లకు ఆమెతో పెళ్లయిన సుబ్బారావు తర్వాత మరొకరిని వివాహం చేసుకున్నారు. 1941లో ఆయన చనిపోయారు. ఆయన భార్యను బంధువులు సరిగా చూడలేదు. ఆ సంగతి తెలిసిన దుర్గాబాయి, చింతామణి దేశ్‌ముఖ్‌తో పెళ్లయ్యాక, ఆమెను తమ ఇంట్లోనే ఉండమని పిలిచారు. ఆంధ్ర మహిళా సభలో వృత్తి శిక్షణ ఇప్పించి, ఉద్యోగం దొరికేలా తోడ్పడ్డారు.

అది ఎంత పెద్ద మనసో చెప్పుకోవడం తేలిక. ఆమె ఎంచుకున్న పద్ధతి చూడండి. ముందు తలదాచుకునే చోటు. తర్వాత చేతికో పని. ఆ తర్వాత సొంత సంపాదన. జైలు స్త్రీల విషయంలో, మద్రాసు అమ్మాయిల విషయంలో పాటించిన పద్ధతినే తన ఇంటి గుమ్మంలోనూ పాటించారు.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మన దేశానికీ అవి కావాలని అప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో, ఆమె పోయిన మూడేళ్లకు వచ్చింది. మంచి పని ఫలితం మన కళ్ల ముందే కనపడాలన్న రూలేమీ లేదు.

మన వాడలో ఎలా?

దుర్గాబాయి మన ప్రాంతం మనిషి కాదు. కానీ ఆమె పద్ధతి మన వాడలకు సరిగ్గా సరిపోతుంది.

ముందు వినండి. సాంచెలు ఆగిన ఇంటికి వెళ్లి, ఈ పని మానేసి వేరే పని చూసుకోండి అని సలహా చెప్పడం తేలిక. సిరిసిల్లలో సాంచె నడవాలంటే నూలు రావాలి, ఆర్డర్ రావాలి, ఆసామికి బిల్లు రావాలి, అప్పుడు కార్మికుడికి కూలి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడ ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించాయో ఊరివాళ్లకు తెలుసు. ఆ ఇంటివాళ్లకు పని చేతకాక కష్టం రాలేదు. అందుకే ధైర్యంగా ఉండండి అని ఊరికే చెప్పే బదులు, ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బంది ఏమిటని అడగండి. అది పిల్ల ఫీజు కావచ్చు, ఆసుపత్రి కార్డు కావచ్చు, బ్యాంకు నుంచి వచ్చిన అర్థంకాని నోటీసు కావచ్చు. మీరు ఊహించినదీ వాళ్లు చెప్పేదీ చాలాసార్లు ఒకటి కాదు.

రెండోది, తెలుసుకోండి. తెలియకపోతే నేర్చుకోండి. వెల్లూరు జైలు స్త్రీలకు లాయర్ లేరు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం వల్ల ఈరోజు ఏ స్త్రీ అయినా, ఆదాయం ఎంతున్నా, ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు. 15100కు ఫోన్ చేస్తే చాలు. బీడీలు చుట్టే మీ అక్కకు ఈ సంగతి తెలుసా? ఆమె పదో తరగతి మధ్యలో ఆపేసి ఉంటే, తెలంగాణ ఓపెన్ స్కూల్లో 14 ఏళ్లు నిండిన ఎవరైనా పదో తరగతి పరీక్షకు చేరవచ్చని చెప్పారా? ఫారం నింపడం మీకు పది నిమిషాల పని. రోజుకో గంట లెక్కలు చెబితే అది మీ రివిజన్ కూడా!

గల్ఫ్‌కు వెళ్లే అన్న ఉంటే, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసి పెట్టండి. ఇమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా అది. పాలసీ కాపీ, పాస్‌పోర్టు జిరాక్స్, కంపెనీ కాంట్రాక్టు ఇంట్లో ఒక ఫైల్లో పెట్టించండి. కష్టం వచ్చినప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు ముందుగా వెతుక్కునేవి ఆ కాగితాలే.

మూడోది, వాళ్ల మర్యాద కాపాడండి. బియ్యం బస్తా ఇస్తూ తీసిన ఫొటో మీ స్టేటస్‌లో ఒకరోజే ఉంటుంది. కానీ ఆ ఇంటి పిల్లాడు కాలేజీలో దాన్ని చాలా కాలం మోయాలి. వాళ్లు మీతో చెప్పుకున్న మాట మీ దగ్గరే ఆగిపోవాలి.

నాలుగోది, మీ హద్దు తెలుసుకోండి. మీ దగ్గర లేని డబ్బు ఇస్తానని మాటివ్వకండి. మీకు ఆదాయం లేకుండా ఎవరి అప్పుకూ జామీను సంతకం పెట్టకండి. అలా చేస్తే ఒక ఇంటి కష్టం రెండిళ్లది అవుతుంది. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోకండి, మీరొక్కరే మోయాలనీ చూడకండి. వాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఈ సేవ తెలుగులోనూ ఉంది, ఉచితం కూడా. అప్పుల బాధతో మనుషులను పోగొట్టుకున్న ఊళ్లు మనవి. ఈ నంబరు మీ ఫోన్లో సేవ్ చేసి ఉంచుకోవడం చిన్న పనేమీ కాదు.

చివరిది, మధ్యలో వదిలేయకండి. కష్టం వచ్చిన మొదటి వారం ఆ ఇంటినిండా జనమే. మూడో నెలలో తలుపు తట్టేవాళ్లుండరు. దుర్గాబాయి 1937లో మొదలుపెట్టిన పనిని ప్రాణమున్నంత కాలం వదల్లేదు. అంత మీతో కాకపోవచ్చు. ఒక్క ఇల్లు, ఒక్క పని పెట్టుకోండి. ఓపెన్ స్కూల్ ఫారం నింపితే, పరీక్ష రాసి రిజల్ట్ వచ్చేదాకా ఉండండి. ఆఫీసుకు అర్జీ రాసిపెడితే, జవాబు వచ్చేదాకా వెంటపడండి.

ఇవన్నీ చేస్తే మీ ఉద్యోగం త్వరగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రిపరేషన్ పక్కన పెట్టమనీ ఎవరూ అనడం లేదు. దుర్గాబాయి ఒక్క పరీక్షనూ వదులుకోలేదు. తన చదువునూ, ఎదుటివాళ్ల అవసరాన్నీ ఒకే దారిలో పెట్టుకున్నారు. రేపు మీరు టీచర్, నర్సు, పోలీసు, క్లర్కు, ఏదయినా కావచ్చు. మీ టేబుల్ ముందుకు కాగితం పట్టుకుని ఓ చిన్నమ్మ వస్తుంది. ఆమె చెప్పేది వినడం ఆ రోజు కొత్తగా నేర్చుకుందామంటే కుదరదు. దాన్ని మీ వాడలోనే ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ వారం చదువు గంటల్లోంచి ఒక్కటి పక్కన తీసి, మీకు తెలిసిన ఒక ఇంటికి వెళ్లి, ఏం ఇబ్బందిగా ఉందో అడగండి.